వేలెడంత సందు

ఎనుమాముల నుంచి ఆఖరి మిర్చి లారీ పోయినంక
దుమ్ముల ఇంకా ఘాటు తేలుతుండంగ
పసుప్పచ్చ రెండు తలుపుల కారు
నా షెడ్డు ముంగట ఆగింది.
నేలకు ఎంత దగ్గరున్నదంటే
గడప దాటించనీకె రెండు పలకలు వెయ్యాల్సొచ్చింది.

డాక్టర్ శమంత. పెద్దాసుపత్రిల మత్తు ఇస్తదట.
పొద్దంతా మనుషుల్ని నిద్రపుచ్చే మనిషి
గొంతున్న సైలెన్సర్లు కావాలన్నది.
ఎంత గొంతు మేడమ్?
"బైపాస్ మీద నాకు వినబడాలె.
వడ్డేపల్లిల మా గల్లీ కుక్క లేవొద్దు."

పాత బోల్టులు తుప్పుతోని ఒకటైపోయినయ్.
డీజిల్ పోసి, చాయ్ తాగొచ్చి, మళ్ళ డీజిల్ పోసి
మూడోది వదిలింది. నాలుగోది విరిగింది.

కొత్తవి అట్టపెట్టెల నుంచి తీస్తే
పెండ్లిల పెట్టే స్టీలు బిందెల తళతళ,
అందుల నా మొఖం, కొమ్రెల్లి మొఖం, రెండూ సాగి.
రబ్బరు హ్యాంగర్లకు సబ్బునీళ్ళు రాసి పైపు వేలాడదీసిన.
ఏ నట్టూ ముందే బిగియ్యకు కొమ్రెల్లీ,
ముంగట నుంచి ఎనకకు, అన్నీ వదులుగ.
ఒకదాని మాట ఒకటి విన్నంక, అప్పుడు పానా.

దూరం జరిగి రోడ్డు మీద గొంతుక్కూసొని
ఒక కన్ను మూసి చూస్తే
ఎడమ గొట్టం అరవేలు జారినట్టు కనబడ్డది.
మేస్త్రి సారయ్య నీళ్ళపైపు తెచ్చి పట్టిన.
రెండూ సమానం.
వంకర బంపర్‌ది.
ఎవడో ఎన్నడో గుద్దితే, ఇంకెవడో పుట్టీ పెట్టి రంగేసిండు.

నీళ్ళకు సరిజేస్తే కంటికి వంకర,
కంటికి సరిజేస్తే నీళ్ళకు.
ఎనకొచ్చే లారీ డ్రైవర్ చేతిల నీళ్ళపైపు ఉండదు గద!
ఎడమది కోసి, అరవేలు లేపి
రెండు చుక్కల వెల్డింగ్ పెట్టిన.

అద్దం ఎత్తేసరికి ఆమె నా ముందు నిలబడి ఉన్నది.
"మూడుసార్లు పిలిచిన, యాకయ్యా."
గ్రైండర్ మోత మేడమ్, అన్న.
"గ్రైండర్ బందై పావుగంటైంది.
నువ్వు నా గొంతుకు కాదు, పెదాలకు జవాబిస్తున్నవ్.
నా తీరు మాస్కు కట్టుకున్నోళ్ళు ఎదురైతే ఏం జేస్తవ్?"
చీటీ రాసిచ్చింది. చెవుల డాక్టర్ పేరు, కింద సంతకం.

బంపర్‌కూ గొట్టానికీ నడుమ వేలెడంత సందు ఉండాలె;
ఇనుము కాగితే పెరుగుతది, ఇంజన్ ఊగుతది.
నా చూపుడువేలేమో కాలి, కట్టుతోని ఉబ్బి ఉన్నది.
చీటీని వేలంత వెడల్పు మడిచి దూర్చిన.
కుడిదిక్కు పోయింది. ఎడమదిక్కు ఇరుక్కున్నది.
క్లాంపు వదిలి, ఒక్క వెంట్రుకంత తిప్పి, మళ్ళ దూర్చిన.

ఇంజన్ లేచింది.
రెండు గొట్టాల ముంగట రెండు అరచేతులు పెట్టిన.
వెచ్చగ, గుద్దు గుద్దుకు,
ఎడమకూ కుడికీ ఒకటే లెక్క.
బాగుంది, అనబోయిన.
"అన్నా, టిస్సంటుంది" అన్నడు కొమ్రెల్లి.
ఏడ?
"నడిమి అతుకు కాడ. ఇనబడ్తలేదా?"

సబ్బు నురగ రాసిన.
మీసంత చీలిక మీద
బుడగ ఒకటి ఉబ్బింది, పగిలింది,
ఇంకోటి ఉబ్బింది.
చాలాసేపు చూసుకుంట కూసున్న.
కొమ్రెల్లి రాడ్డు అందించిండు.

చీకటి పడ్డంక ఆమె పోయింది.
ఎర్రలైట్లు రెండూ కంటికి సరిగ్గ కనబడ్డయ్, మూల తిరిగే దాకా.
నేను రోడ్డు చూస్తలేను, పోరని మొఖం చూస్తున్న.
"సెంటర్ దాటింది అన్నా…
గేరు మార్చింది…
ఇంకా వస్తుంది…
ఇంకా…"
వాని కనుబొమ్మలు ఒక్కసారి పైకి లేచినయ్.
బైపాస్ ఎక్కినట్టున్నది.

మసి మడతల చీటీ
చొక్కా జేబుల పెట్టుకొని షట్టర్ గుంజిన.
మోత అయ్యే ఉంటది.